తూయని దోసెడు

నాలుగో తొట్టిలో రాత్రి మిగిలిన గడ్డిని ఎలియాజరు వేళ్లతో మూలమూలలా గీకి గోనెలోకి తీశాడు. గోనె కొసలు కూడదీసి స్ప్రింగు త్రాసు కొక్కేనికి తగిలించి, ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఆ ముల్లు ముందు ఊపిరి బిగబడుతూనే ఉన్నాడు. ఊపిరి వదిలితే తూకం మారిపోతుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో ఆటపట్టించారు. అది వేళాకోళమని తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం, అప్పటికే అలవాటైపోయింది.

"కేజీ మూడొందల యాభై. రాసేవేట్రా?"

"రాసేను మావా. నువ్వు ఊపిరొగ్గు ముందు" అన్నాడు సత్తియ్య, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

అనకాపల్లి ఊరి చివరి పశు పరిశోధన కేంద్రంలో ఎలియాజరు పని అదే. పశువులకు పెట్టేది తూయాలి. తినగా మిగిలింది తెల్లారగానే మళ్లీ తూయాలి. ఏ మేత తిన్న పశువు ఎంత ఎదిగిందో ఆ తూకాలను బట్టే డాక్టర్లు తేలుస్తారు. ఎలియాజరుకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అందుకని రాతపని సత్తియ్యది. యాభై ఎనిమిదేళ్లు వచ్చేశాయి. ఒళ్లు ఎండు చెరకు గడలా మిగిలింది. కేంద్రం వాళ్లు ఇచ్చిన ఖాకీ చొక్కాలో ఇద్దరు ఎలియాజర్లు పడతారు. దూడ తన్నిన ఎడమ బొటనవేలి గోరు నల్లగా చచ్చుబడిపోయింది. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటినుంచి బెల్లం మడ్డి వాసన పోదు. ఆదివారం గుడికి వెళ్తే ఈగలు కూడా ప్రార్థనకి వస్తాయని భార్య స్వర్ణకుమారి దెప్పుతుంది.

మనిషి పరమ పిరికి. దాచడం దేనికి, కేంద్రంలో అందరికీ తెలిసిన సంగతే. పెద్దసారు జీపు హారన్ మోగితే చేతిలో బుట్ట జారిపోయేది. తన పేర కవరు వస్తే అందులో ఏముందో అడగడానికి కూడా భయమేసి మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. తీరా చూస్తే అది పెళ్లి శుభలేఖ. ఒకసారి గుడిలో పాస్టరుగారు పైకి ప్రార్థన చెయ్యమని పేరు పెట్టి పిలిస్తే, వాంతి వస్తోందని చెప్పి బయటికి పోయాడు. అదే మనిషి కట్లు తెంచుకున్న ఆంబోతుకి ఎదురెళ్లి ముక్కుతాడు ఒంటిచేత్తో పట్టుకునేవాడు. పశువు దగ్గర లేని భయమంతా మనుషుల దగ్గరే.

రెండువేల ఆరులో సబ్బవరం నుంచి ఉషశ్రీ అనే పిల్ల పరిశోధనకి వచ్చింది. పశువుల డాక్టరు చదువు పూర్తిచేసి, పై చదువు చదువుతోంది. పన్నెండు గేదె దూడల్ని తీసుకుని వాటిలో ఆరింటికి తెల్లబుట్టల్లో ఉత్త గడ్డి, మిగతా ఆరింటికి ఎర్రబుట్టల్లో మందు గడ్డి తొంభై రోజులు పెట్టించింది. మందు అంటే మరేం లేదు. డ్రమ్ముడు నీళ్లలో పొలానికి చల్లే యూరియా, బెల్లం మడ్డి, ఉప్పు కరిగించి గడ్డికి పట్టించడం. యూరియా పశువుకి పెడతారా అని అందరూ నోరు తెరిచారు. ఆ పిల్ల మొదటి రోజే అందర్నీ షెడ్డులో నిలబెట్టి చెప్పింది.

"కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే ఇది బలం. ఒక్కసారే ఎక్కువైతే విషం. దూడ వణికినా, నురగ కక్కినా నిమిషం ఆలస్యం చెయ్యకుండా నన్ను పిలవండి. ఈ కిటికీలో రెండు వెనిగర్ సీసాలు పెడుతున్నాను. చల్లటి నీళ్లలో కలిపి పట్టిస్తే బతుకుతుంది. ఇంకోమాట. డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డి ఎవరికీ పెట్టకండి, గోతిలో పారబోయండి."

ఏ దూడకి ఏ బుట్టో తేల్చడానికి చీట్లు వేశారు. "మీరు తియ్యండి ఎలియాజరు గారూ. మీకైతే అన్ని దూడలూ ఒకటే కదా" అంది ఉషశ్రీ నవ్వుతూ.

అన్నీ ఒకటి కావు. తొమ్మిదో నంబరు పెయ్యదూడ పుట్టిన రెండోనాడే దాని తల్లి పోయింది. సీసాతో పాలు పట్టి దాన్ని బతికించింది ఎలియాజరే. సీసా మానేశాక కూడా అది అతని చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చీకేది. ఆ ఖాకీ చొక్కా అంచు ఎప్పుడూ తడిగానే ఉండేది. చెవికి తగిలించిన బిళ్ల మీద తొమ్మిది అని ఉన్నా, అతను మాత్రం సిన్నమ్మి అనే పిలిచేవాడు. తొమ్మిదో చీటీ విప్పితే తెలుపు వచ్చింది.

తన చేత్తో తీసిన చీటీ. నెలన్నర గడిచేసరికి ఎర్రబుట్ట దూడలు నిగనిగలాడుతున్నాయి, సిన్నమ్మి పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. మిగతా తెల్లబుట్ట దూడలు ఎలాగో నెట్టుకొస్తున్నా, తల్లిపాలు లేని ఇది వెనకపడిపోయింది. ఎలియాజరుకి అన్నం సయించలేదు. నలభై నాలుగో రోజు పొద్దున్న, ఎర్రబుట్టల్లో మిగిలిన గడ్డి తూసి పెంటకుప్పకి మోసుకెళ్తూ, అందులోంచి కాస్త తీసి సిన్నమ్మి ముందు వేశాడు. ఎలాగూ పెంటలో కలిసేదే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు గేటు వైపే చూస్తూ పనిచేశాడు.

ఆ వేసింది కూడా తూసే వేశాడు. పావుకేజీ, ఒక్క గ్రాము అటూ ఇటూ కాకుండా. ఆ షెడ్డులో తూయకుండా ఒక పశువు ముందు మేత వెయ్యడం ముప్పై ఏళ్లలో అతని చేతులకి తెలియని పని. రాయించడానికి లేదు కనక గోనెల వెనక మేకుకి ఒక పురికొస కట్టి, వేసిన ప్రతిరోజూ దానికో ముడి వేశాడు. ఆదివారాలు అతనికి సెలవు, ముడి లేదు. నిన్నటికి ముప్పై తొమ్మిది ముడులు.

ఇవాళ తొంభయ్యో రోజు. పది గంటలకి పెద్దసారు రామ్మోహనరావుగారు వస్తారు. ఆయన ఎదుట దూడలన్నిటినీ ఆఖరిసారి తూస్తారు. ఆ పైన తెల్లబుట్టలూ ఉండవు, ఎర్రబుట్టలూ ఉండవు. అన్నిటికీ పచ్చగడ్డే. తెల్లారినప్పటి నుంచీ ఎలియాజరు గుండె తేలిగ్గా ఉంది. గండం గడిచింది, ఎవరికీ దొరకలేదు, దూడ బతికింది. సత్తియ్య తూకం పుస్తకం పట్టుకుని ఆఫీసు గదికి వెళ్లాక, ఖాళీ అయిన డ్రమ్ము కడగడానికి వంచాడు.

అడుగున ముదురు గోధుమరంగు మడ్డి, జానెడు మందాన పేరుకుని ఉంది. ఎలియాజరు దాన్ని చూస్తూ కాసేపు నిలబడిపోయాడు. అతని తండ్రి రోలుగుంటలో గానుగల దగ్గర బెల్లం వండేవాడు. పాకం దించి పోశాక పెనం అడుగున అంటుకున్నది గీకి, చెరకాకులో పెట్టి, "ఒరే ఎలియాజరూ" అని ఒక్క కేకేసేవాడు. బెల్లమంతా బండ్లెక్కి అనకాపల్లి మార్కెట్టుకి పోయేది. అడుగు గీకింది మాత్రం వండినవాడి పిల్లలది. అంత రుచి మళ్లీ జీవితంలో తగల్లేదు. అలాంటి అడుగుని ఈ చదువుకున్న పిల్ల రోజూ గోతిలో పోయిస్తోంది. మురికి ఉంటుందని కాబోలు అనుకున్నాడు. పట్నం వాళ్లకి అన్నీ అనుమానాలే.

దోసెడు గడ్డి తీసి ఆ మడ్డిలో దొర్లించి దొర్లించి, కారుతుండగా తీసుకెళ్లి సిన్నమ్మి ముందు పెట్టాడు. ఈ ఒక్కటీ తూయలేదు. విందు కదా. విందుని ఎవరు తూస్తారు?

సిన్నమ్మి ఆవురావురుమని తింది. అతని వేళ్లు కూడా నాకింది.

ఎనిమిదిన్నర దాటాక నీళ్ల కావిడి దించుతూ అటు చూశాడు. సిన్నమ్మి చెవులు అదురుతున్నాయి. ఈగలేమో అనుకుని దగ్గరికి వెళ్లాడు. ఈగలు లేవు. భుజం మీద చర్మం దానంతటదే జలదరిస్తోంది. మూతి నుంచి చొంగ తీగలుగా సాగుతోంది.  పొలానికి చల్లే యూరియా మడ్డితోపాటు అదే డ్రమ్ములో పోస్తారని, చలి నీళ్లలో సరిగ్గా కరగకపోతే అదీ అడుక్కే చేరుతుందని అప్పటికి గాని ఎలియాజరుకి తట్టలేదు.

"అమ్మా! బేగి రండమ్మా! తొమ్మిదో నంబరు వణికిపోతంది!"

ఉషశ్రీ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. కళ్లు విప్పి చూసింది, గుండె విన్నది, పొట్ట తట్టింది. "అచ్చం యూరియా ఎక్కువైనట్టే ఉంది. కానీ ఇది తెల్లబుట్ట కదా" అని తనలో తనే అనుకుంది. తల ఎత్తి ఎలియాజరు మొహంలోకి చూసింది. "ఇది వేరే ఏమైనా తిందా?"

"నేదమ్మా."

ఆ మాట అతను అనలేదు, నోరు అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

"అయితే కాల్షియం తక్కువై ఉంటుంది. దీనికి తల్లిపాలు కూడా లేవన్నారుగా" అని ఆ పిల్ల మందుల పెట్టె తెరిచి, సూదిలోకి మందు ఎక్కించింది. "తల గట్టిగా పట్టుకోండి."

ఎలియాజరు సిన్నమ్మి తలని ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాడు. ఎదురుగా కిటికీ. కిటికీలో రెండు సీసాలు. చెయ్యి చాపితే అందుతాయి. వాటి మీద ఎండ పడుతోంది. చెప్పెయ్యాలి, చెప్పెయ్యాలి అని గుండె కొట్టుకుంటోంది. చెబితే? గవర్నమెంటు దూడకి విషం పెట్టావంటారు. పోలీసులు వస్తారు. ముప్పై ఏళ్ల సర్వీసు గంగలో కలుస్తుంది. ఈ పిల్ల రెండేళ్ల చదువు తన పావుకేజీలతో పాడైపోయిందని తెలుస్తుంది. ఆ పిల్ల ఏడుస్తుంది. అన్నిటికన్నా ఆ ఏడుపుకే ఎక్కువ భయమేసింది. ఈ సూదితో తగ్గిపోతుందేమో. ప్రభువా, తగ్గించు తండ్రీ. తగ్గిపోతే ఇంక జన్మలో ఏ పశువుకీ తూయకుండా పెట్టను. సిన్నమ్మి తల ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. 

సూది మందు పనిచెయ్యలేదు. పది నిమిషాలయ్యింది. రైలు ఒకటి కూతేస్తూ పోయింది. ఉషశ్రీ ఫోన్ చేసి ఎవరినో పెద్ద డాక్టరుని అడిగింది, ఇంకో సూది వేసింది. సిన్నమ్మి కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. పొట్ట ఉబ్బి డోలులా అయింది. నోటి నుంచి తెల్లటి నురగ. ఇంకో పది నిమిషాలయ్యింది. ఆ నురగ మూతితోనే అది తల కాస్త తిప్పి, వెతుక్కుని, అతని చొక్కా అంచు పట్టుకుంది. చీకడానికి శక్తి లేదు. ఊరికే పట్టుకుని ఉంది.

"పెట్టేనమ్మా" అన్నాడు ఎలియాజరు. గొంతు తనది కానట్టు వినిపించింది. "డ్రమ్ము అడుగుది... నేనే పెట్టేను. యూరియాయేనమ్మా. దానికి పుల్లమందు పట్టండి, బేగి పట్టండి."

ఉషశ్రీ ఒక్క క్షణం అతన్ని చూసింది. తిట్టలేదు. ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్లి రెండు సీసాలూ బకెట్టులో వొంపేసింది. కుండలోంచి చల్లటి నీళ్లు కలిపింది. ఎలియాజరు దూడ దవడ పైకెత్తి పట్టుకుంటే వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా పోసింది. కొంత లోపలికి పోయింది. చాలామటుకు అతని మోచేతుల మీంచి కారిపోయింది. షెడ్డంతా పులుపు వాసన.

"మింగమ్మా, నా తల్లి, మింగు" అంటూనే ఉన్నాడు. దాని గొంతు ఒకసారి కదిలింది. రెండోసారి కదిలింది. మూడోసారి కోసం ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. దవడ కింద ఎలియాజరు చేతికి బరువు తెలిసింది. పశువు తల దానంతటది నిలబడినప్పటి బరువు వేరు, ఇది వేరు. ఎన్ని చూశాడు, ఆ తేడా అతని చేతికి తెలుసు. ఉషశ్రీ గొట్టం కింద పెట్టి గుండె విన్నది. చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేసింది. చొక్కా అంచు ఇంకా దాని పెదవుల మధ్యే ఉంది.

సరిగ్గా పది గంటలకి జీపు హారన్ మోగింది. ఎలియాజరు ఉలిక్కిపడలేదు.

రామ్మోహనరావుగారు గుమ్మంలోనే ఆగి, "ఏం జరిగిందిక్కడ?" అన్నారు. ఉషశ్రీ నోరు తెరిచింది గానీ, అంతకు ముందే ఎలియాజరు లేచి నిలబడ్డాడు. లాగు నిండా నురగ, పేడ. మొదటినుంచీ చెప్పాడు. చీటీ సంగతి, ఎర్రబుట్టల మిగులు సంగతి, అడుగు మడ్డి సంగతి. తిందా అని అడిగితే లేదన్న సంగతి కూడా. ఇంతకాలం దేనికి వణికాడో దాని మధ్యలో నిలబడి చెప్పాడు.  పెద్దసారు చెడ్డవాడు కాడు, గట్టిగా అరవనైనా అరవలేదు.

"తూకాలు అయ్యాక ఇంటికి వెళ్లిపో ఎలియాజరూ. రేపట్నుంచి షెడ్డులోకి రావద్దు. కాగితం ఇంటికి పంపిస్తాం."

"అలాగేనండి."

పదకొండు దూడల్నీ ఒక్కొక్కటిగా పశువుల్ని తూసే ఇనపబల్ల మీదికి ఎక్కించాడు. ప్రతిసారీ ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు. చచ్చినదాన్ని కూడా తూయాలి, అది పద్ధతి. సత్తియ్య, తను కలిసి గోనెపట్టా మీద మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఎనభై తొమ్మిది కేజీల రెండొందలు. పైకి చదివాక గాని ఈసారి ఊపిరి బిగబట్టలేదని అతనికి గుర్తురాలేదు. సత్తియ్య అంకె రాసి, కళ్లు తుడుచుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దసారు వెళ్లాక ఉషశ్రీ గోనెల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాడు ఎలియాజరు. ఏడవలేదు, అదే ఇంకా భయంగా ఉంది.

"ఎన్నాళ్లు పెట్టారో, రోజుకి ఎంత పెట్టారో తెలియకపోతే నేనేం రాయను ఎలియాజరు గారూ? ఈ దూడ తొంభై రోజులూ నీళ్లలో పోసినట్టే కదా?"

ఎలియాజరు గోనెలు పక్కకి జరిపి మేకుకి వేలాడుతున్న పురికొస చూపించాడు. "రోజుకో ముడమ్మా. ముడికి పావుకేజీ. ఎర్రబుట్టల మిగులే. ముడికీ ముడికీ మద్దిన దూరం ఎక్కువుంటే అది ఆదోరం."

ఆ పిల్ల లేచి వచ్చింది. ఒక్కో ముడినీ వేళ్ల మధ్య జార్చుకుంటూ పైనుంచి కిందికి లెక్కపెట్టింది. ఒకసారి సరిపోక రెండోసారి పెట్టింది. "ముప్పై తొమ్మిది" అంది మెల్లగా. "అన్నీ తూశారా?"

"అన్నీ తూసేనమ్మా. గ్రాము తేడా నేదు."

"మరి ఇవాళ్టిది?"

ఎలియాజరు తల దించుకున్నాడు. "అదొక్కటే తూయనేదమ్మా."

ఉషశ్రీ నోట్‌బుక్ తెరిచి రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. "నేను అడిగానుగా. తిందా అని అడిగానుగా. సీసాలు ఎదురుగానే ఉన్నాయి. అప్పుడే చెప్తే బతికేదేమో. ఎందుకు చెప్పలేదు?"

"బయమేసిందమ్మా."

"ఎవరంటే? నేనంటేనా?" అంది. ఇరవై మూడేళ్ల పిల్ల. పాదాలకి పేడ, చేతులకి వెనిగర్, జడ ఊడిపోయి ఉంది. తనని చూసి ఒక మనిషి భయపడ్డాడంటే నమ్మలేనట్టు చూసింది. ఎలియాజరు వంగి ఖాళీ సీసాలు రెండూ ఏరి కిటికీలో పెట్టాడు.

మధ్యాహ్నం ఎండలో అతను ఎర్రబుట్టలూ తెల్లబుట్టలూ కడిగి బోర్లించాడు. డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డి గోతి దాకా మోసుకెళ్లి పారబోశాడు. స్ప్రింగు త్రాసుని గుడ్డతో తుడిచి, ముల్లు సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసి, కొక్కేనికి తగిలించాడు. ఖాకీ చొక్కా విప్పి ఇచ్చేద్దామనుకున్నాడు గానీ, దాని అంచు ఇంకా తడిగా ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు. సైకిలు తీసుకుని గేటు దాకా నడిపించుకుంటూ వెళ్లాడు.

"మావా, అన్నం తిని యెల్లు" అని సత్తియ్య వెనకనుంచి పిలిచాడు. ఎలియాజరు చెయ్యి ఊపాడు, ఆగలేదు.

ఉషశ్రీ లెక్కలు చూసుకోవడానికి సాయంత్రం ఒకసారి షెడ్డులోకి వచ్చింది. మిగతా దూడలు పచ్చగడ్డి నములుతున్నాయి. తొమ్మిదో తొట్టి దగ్గర ఎవరో నీళ్లు కొట్టి ఊడ్చేశారు. గోనెల వెనక మేకుకి పురికొస అలాగే వేలాడుతోంది, ముప్పై తొమ్మిది ముడులతో, వాటి కింద ముడి పడని జానెడు కొసతో.